మొదటిసారి సింగపూర్‌కి నాలుగు రోజులు: పాస్‌పోర్ట్ నుంచి తిరుగు ప్రయాణం దాకా ఏది ఎప్పుడు చేయాలి

సింగపూర్ వెళ్తున్నామండీ, ఏమైనా చెప్పండి అని అడిగేవాళ్లకి నిజానికి చూడాల్సిన చోట్ల గురించి పెద్ద బెంగ ఉండదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. వాళ్ల టెన్షన్ వేరే ఉంటుంది. వీసా ఎప్పుడు వేయాలి, డబ్బు ఎలా పట్టుకెళ్లాలి, ఆవకాయ పెట్టుకోవచ్చా, ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారు, దిగాక హోటల్‌కి ఎలా వెళ్లాలి. ఇది వాటికోసమే రాసింది.

హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో సొంతంగా బుక్ చేసుకుని, మొదటిసారి దేశం దాటుతున్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకున్నాను. ఈ ట్రిప్‌లో ప్రతి పనికీ ఒక సమయం ఉంది, కొన్ని పనులు ముందే చేసేసినా తప్పే. కాబట్టి వరస మార్చకండి.

## 1. పాస్‌పోర్ట్‌లో పేరు చూశాకే టికెట్

సింగపూర్‌లో దిగే రోజు నుంచి కనీసం 6 నెలలు పాస్‌పోర్ట్ చెల్లాలి. ఇది అందరికీ తెలుసు, కానీ నాన్నగారి పాస్‌పోర్ట్ ఎప్పుడు తీశారో మాత్రం ఎవరూ చూడరు. ఇంట్లో అందరివీ ఒకేసారి టేబుల్ మీద పెట్టి గడువు తేదీలు చదవండి. పసిపిల్లలకైనా విడి పాస్‌పోర్ట్ ఉండాల్సిందే.

ఇక పేరు. మన తెలుగువాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు కూడా అసలు పేరు గడిలోనే కలిసిపోయి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకి పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు, మిగతా కార్డుల్లో అత్తింటిది. టికెట్‌కీ వీసాకీ హోటల్‌కీ లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్ట్ ఒక్కటే. అందులో అక్షరం ఎలా ఉంటే అలాగే కొట్టండి.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు బుక్ చేసేటప్పుడు లాస్ట్ నేమ్ దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే ఆ గడి నింపకుండా సైటు ముందుకి కదలదు. ఏం రాయాలనేది ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కోలా చెబుతుంది, అదే పేరు రెండుసార్లు రాయమనేవాళ్లు ఉన్నారు. వాళ్ల సహాయ పేజీలో చూసి, దొరక్కపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, అప్పుడే డబ్బు కట్టండి. బుక్ అయ్యాక పేరు మార్పించడం డబ్బుతో కూడిన పని, పైగా వేరే సైటు ద్వారా కొంటే అది మా పని కాదు వాళ్ల పని అని సైటువాళ్లూ ఎయిర్‌లైన్‌వాళ్లూ ఒకరి మీద ఒకరు చెప్పి తిప్పుతారు.

కొత్తగా తీయించేవాళ్లకి 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్ ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. పోలీస్ వెరిఫికేషన్ ఎంత కాలం పడుతుందో ముందే చెప్పలేం కాబట్టి పాస్‌పోర్ట్ చేతికి రాకుండా టికెట్ కొనకండి. ఈసీఆర్ (విదేశీ ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఉందని కొందరు కంగారు పడతారు. అది కొన్ని దేశాలకి ఉద్యోగం కోసం వెళ్లేవాళ్ల సంగతి, టూరిస్టుకి సంబంధం లేదు.

## 2. ఏది ఎన్ని రోజుల ముందు

- రెండు మూడు నెలల ముందు: విమానం టికెట్లు, రద్దు చేసుకునే వీలున్న హోటల్.
- 30 రోజుల లోపు: వీసా దరఖాస్తు. అంతకంటే ముందు వేయకండి.
- వారం పది రోజుల ముందు: ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే వేసుకుని వాడే కార్డు), ట్రావెల్ ఇన్సూరెన్స్, యూనివర్సల్ స్టూడియోస్ లాంటి వాటి టికెట్లు.
- 3 రోజుల లోపు: ఎస్‌జీ అరైవల్ కార్డ్ (సింగపూర్‌లో దిగే ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం), వెబ్ చెక్-ఇన్.

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్తే దాదాపు నాలుగున్నర గంటల ప్రయాణం. వైజాగ్ నుంచి చవక ఎయిర్‌లైన్ స్కూట్ నేరుగా వెళ్తుంది. తక్కువ ధర టికెట్లో చెక్-ఇన్ బ్యాగ్ కలిసి ఉండకపోవచ్చు. బ్యాగ్ బరువు ఆన్‌లైన్‌లో ముందే కొంటే ఒక రేటు, ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర కొంటే కళ్లు తిరిగే రేటు.

ఇంకో సంగతి. మన దగ్గర నుంచి చాలా విమానాలు రాత్రిపూటే. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే మీరు ఇంట్లోంచి బయలుదేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. 15 రాత్రి పెట్టె సర్దుకుని వెళ్లి, విమానం నిన్ననే పోయిందని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు, నవ్వులాట కాదు. హోటల్ బుక్ చేసేటప్పుడు కూడా ఈ తేదీ లెక్క సరిచూసుకోండి.

హోటల్ ఎక్కడ అంటే, మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ చుట్టుపక్కలే చెబుతాను. గదులు అగ్గిపెట్టెల్లా ఉంటాయి, కానీ కిందకి దిగితే ఇడ్లీ దొరుకుతుంది, మెట్రో దగ్గర, రాత్రి పొద్దుపోయేదాకా సందడి. ధర చూసి మురిసిపోయే ముందు గది వివరాల్లో కిటికీ ఉందో లేదో చదవండి, కిటికీ లేని గదులు అక్కడ మామూలే. బుగిస్, లావెండర్ కూడా బాగుంటాయి. గేలాంగ్‌లో చవక హోటళ్లు కనిపిస్తాయి గానీ అక్కడ కొన్ని సందులు రెడ్ లైట్ ఏరియా, పిల్లలతో వద్దు.

హోటల్ బదులు ఎవరిదో అపార్ట్‌మెంట్ నాలుగు రోజులకి తీసుకుందాం అనుకోకండి. అక్కడ ప్రైవేట్ ఇళ్లని 3 నెలల కంటే తక్కువకి, ప్రభుత్వ ఫ్లాట్లని 6 నెలల కంటే తక్కువకి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం.

## 3. వీసా

భారత పాస్‌పోర్ట్‌కి సింగపూర్ వీసా కావాలి, దిగాక ఇచ్చే పద్ధతి లేదు. ఇక్కడి నుంచి వేసేవాళ్లు అధీకృత ఏజెంట్ల ద్వారానే వేయాలి. వాళ్ల జాబితా సింగపూర్ హైకమిషన్ సైటులో ఉంటుంది. జాబితాలో లేనివాడు తక్కువకి చేస్తానంటే అతను కూడా తీసుకెళ్లి ఇచ్చేది వీళ్లకే.

ఏజెంట్‌కి ఇవ్వాల్సినవి:

- పాస్‌పోర్ట్, స్పష్టమైన స్కాన్
- తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 35 × 45 మిల్లీమీటర్ల ఫొటో, గత 3 నెలల్లో తీసింది
- సంతకం చేసిన ఫారం 14ఏ (వీసా దరఖాస్తు ఫారం)
- రానూపోనూ టికెట్లు, హోటల్ బుకింగ్
- బ్యాంక్ స్టేట్‌మెంట్, ఉద్యోగం లేదా వ్యాపారం రుజువు, కవరింగ్ లెటర్

ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంట్ చార్జీ దాని మీద. రాకపోతే ఈ ఫీజు వెనక్కి ఇవ్వరు. మామూలుగా మూడు నాలుగు పనిదినాల్లో వచ్చేస్తుంది, కొన్నిసార్లు ఆలస్యమవుతుంది. కాబట్టి సరిగ్గా వారం ముందు వేసి దేవుడి మీద భారం వేయకండి, 25 రోజుల ముందు వేయండి.

ఈ-వీసా పీడీఎఫ్ రాగానే పాస్‌పోర్ట్ నంబర్, పేరు, పుట్టినతేదీ ఒక్కో అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ రోజే ఏజెంట్‌కి చెప్పండి. ఒక ప్రింట్ కూడా తీసుకోండి.

చాలామంది పొరబడేది ఒకటుంది: వీసా మీద కనిపించే గడువు అక్కడ ఉండగలిగే రోజుల సంఖ్య కాదు. దాని లోపు మీరు ఆ దేశంలోకి ప్రవేశించవచ్చని మాత్రమే. ఎన్నాళ్లు ఉండొచ్చో దిగాక ఇమిగ్రేషన్ నిర్ణయిస్తుంది. పాస్‌పోర్ట్‌లో ముద్ర వేయరు, ఈమెయిల్‌కి ఎలక్ట్రానిక్ పాస్ వస్తుంది. ఆ మెయిల్ తెరిచి తేదీ చూసుకోవడం మీ పని.

## 4. డబ్బు

సింగపూర్ డాలర్‌కి 70 రూపాయలు అనుకుని లెక్క వేసుకోండి, నోటి లెక్కకి సుళువు, కాస్త అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు.

ఇద్దరికి నాలుగు రోజులకి చేతి ఖర్చు నగదు 250 డాలర్లు చాలు. మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి. మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు మూడు మూడున్నర శాతం మార్కప్ (అదనపు చార్జీ) వేస్తాయి, కాబట్టి దాన్ని అత్యవసరానికి ఉంచండి. కానీ ఉంచండి, హోటళ్లలో డిపాజిట్ బ్లాక్ చేయడానికి క్రెడిట్ కార్డు అడుగుతారు.

బయలుదేరే ముందు బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయండి. మన కార్డుల్లో అది మొదట ఆఫ్‌లోనే వస్తుంది. ఏటీఎం, స్వైప్, కాంటాక్ట్‌లెస్, మూడింటికీ విడివిడిగా బటన్లు ఉంటాయి.

కార్డు మెషిన్ రూపాయల్లో కట్టాలా డాలర్లలోనా అని అడిగితే ఎప్పుడూ డాలర్లే నొక్కండి. రూపాయలు చూసి ప్రాణం లేచి వస్తుంది గానీ ఆ మారకం రేటు దారుణంగా ఉంటుంది. యూపీఐ కొన్ని దుకాణాల్లో పనిచేస్తుంది, దాని మీద ఆధారపడొద్దు. రూపాయి నోట్లు 25,000 దాటి దేశం బయటికి తీసుకెళ్లకూడదు, మీకు తిరిగొచ్చాక క్యాబ్‌కి కావాల్సినంత ఉంటే చాలు.

టూర్ ప్యాకేజీ కొనేవాళ్ల దగ్గర టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) పేరుతో కొంత పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు దాచండి.

## 5. పెట్టె సర్దడం: ఏం పెట్టకూడదో ముందు

మనవాళ్లు చిక్కుల్లో పడేది ఎక్కువగా తిండి దగ్గరే. అమ్మ కట్టిచ్చిన ప్రతి డబ్బా మూత తీసి చూడండి, మొహమాటం వద్దు.

అస్సలు పెట్టకూడనివి:

- చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఏ రూపంలో ఉన్నా మన దేశపు మాంసం
- గసగసాలు, గసగసాలు వేసిన పొడులు
- చూయింగ్ గమ్
- వేప్, ఈ-సిగరెట్
- గుట్కా, ఖైనీ, పొగాకు జర్దా
- టపాకాయలు, పిల్లల బొమ్మ తుపాకీ ఆకారం లైటర్లు

గసగసాలు మనకి వంటదినుసే, అక్కడ మాత్రం మాదకద్రవ్యాల విభాగం చూసే వస్తువు. వేపింగ్ మీద ఇప్పుడు చాలా గట్టిగా ఉన్నారు, జేబులో ఉన్నా నేరమే. సిగరెట్లకి డ్యూటీ ఫ్రీ మినహాయింపు ఒక్కటి కూడా లేదు. తెరిచిన ప్యాకెట్ అయినా డిక్లేర్ చేసి పన్ను కట్టాలి, లేదా ఇక్కడే పారేయాలి. మాదకద్రవ్యాలకి మరణశిక్ష ఉన్న దేశం అది. కాబట్టి ఎయిర్‌పోర్ట్‌లో పరిచయమైనవాళ్లు మా వాళ్లకి ఇవ్వండి అని చేతిలో పెట్టే పార్సిల్ ఎంత చిన్నదైనా, ఇచ్చేది ఎంత పెద్దావిడైనా, తీసుకోవద్దు.

ఆవకాయ, గోంగూర, కందిపొడి, జంతికలు, అరిసెలు సొంతానికి సరిపడా పెట్టుకోవచ్చు, కానీ పచ్చళ్లు చెక్-ఇన్ బ్యాగ్‌లోనే. చేతి బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గర నూనె ఉందని పక్కన పెట్టేస్తారు. ఎండు కొబ్బరి మాత్రం ఇక్కడి ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేస్తారు, నూనె శాతం వల్ల మంట అంటుకునే వస్తువుగా చూస్తారు దాన్ని. నాలుగు రోజులకి అసలు ఇంత తిండి ఎందుకో నాకు అర్థం కాదు గానీ, పెద్దవాళ్లుంటే ఒక చిన్న సీసా ఆవకాయ ప్రాణం నిలబెడుతుంది, అది నిజం.

మందులు: రోజూ వేసుకునేవి డాక్టర్ చీటీతో, షీట్లు కత్తిరించకుండా పేరు కనిపించేలా చేతి బ్యాగ్‌లో. నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే మందులు, కోడైన్ ఉన్న దగ్గు సిరప్‌లకి అక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ హెచ్ఎస్ఏ అనుమతి ముందే అవసరం కావచ్చు, వాళ్ల సైటులో మందు పేరు కొట్టి చూడండి.

పెట్టాల్సినవి:

- మూడు చదరపు పిన్నుల ప్లగ్ అడాప్టర్, మన ఛార్జర్లు నేరుగా పట్టవు
- గొడుగు, ఏడాది పొడవునా ఎప్పుడైనా వాన పడుతుంది
- పల్చటి స్వెటర్, బయట ఉక్క, మాల్‌లో మెట్రోలో వణుకు
- నడవడానికి అలవాటైన పాత చెప్పులు లేదా షూ
- పవర్ బ్యాంక్, చేతి బ్యాగ్‌లోనే (సింగపూర్ ఎయిర్‌లైన్స్, స్కూట్ విమానంలో దాన్ని వాడనివ్వవు)
- ఖాళీ వాటర్ బాటిల్, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు
- టిష్యూ ప్యాకెట్లు

ఇంకోటి, ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నా. చాలా హోటళ్ల బాత్రూముల్లో జెట్ స్ప్రే ఉండదు, కాగితమే. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేయండి, ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటారు.

## 6. ఆఖరి మూడు రోజులు

ఎస్‌జీ అరైవల్ కార్డ్‌ని దిగే రోజుతో కలిపి 3 రోజుల లోపు నింపాలి. సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ ఐసీఏ సైటులో లేదా మైఐసీఏ యాప్‌లో ఉచితం. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించి డబ్బు అడిగేవి పైన వస్తాయి. డబ్బు అడిగిందంటే అది నకిలీ లేదా మధ్యవర్తి, మూసేయండి. ఇది వీసా కాదు, వీసాతో పాటు చేయాల్సింది. కుటుంబంలో ప్రతి ఒక్కరికీ విడిగా వివరాలు ఇవ్వాలి, అందరివీ ఒకేసారి గ్రూపుగా పంపొచ్చు.

ఫోన్‌కి ఈ-సిమ్ పట్టే మోడల్ అయితే ఇక్కడే కొనుక్కోండి, లేకపోతే చాంగి ఎయిర్‌పోర్ట్‌లో పాస్‌పోర్ట్ చూపించి టూరిస్ట్ సిమ్ తీసుకోవచ్చు. ఇండియా సిమ్ తీసేయకండి, ఓటీపీలు దానికే వస్తాయి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్ మాత్రం ఆ సిమ్‌కి ఆఫ్ చేయండి.

పెద్దవాళ్లు ఎక్కువ దూరం నడవలేరంటే వీల్‌చైర్ ఇప్పుడే ఎయిర్‌లైన్‌కి చెప్పి పెట్టండి. కౌంటర్ దగ్గర అడిగితే ఆలస్యం. ఆడవాళ్ల ఒంటి మీద బంగారం ఎక్కువగా ఉంటే, ఇంట్లో పెట్టి వెళ్లడం ఉత్తమం, తప్పదంటే వెళ్లేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు ఎక్కడ కొన్నారన్న ప్రశ్న రాదు.

## 7. శంషాబాద్‌లో

మూడు గంటల ముందు చేరండి. వరస ఇలా ఉంటుంది: చెక్-ఇన్ కౌంటర్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, గేటు. కౌంటర్ దగ్గర వీసా, తిరుగు టికెట్ అడుగుతారు.

ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఎక్కడికి, ఎన్ని రోజులు, ఏం పని చేస్తారు, అక్కడ ఎక్కడ ఉంటారు అని అడుగుతారు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి. మా తోడల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, నాక్కూడా ఏదైనా చూస్తానన్నాడు లాంటి కబుర్లు టూరిస్ట్ వీసా చేతిలో పెట్టుకుని చెబితే పక్కన కూర్చోబెడతారు. కుటుంబమంతా ఒకే కౌంటర్‌కి వెళ్లొచ్చు. హోటల్, టికెట్ల ప్రింట్లు ఒక ఫైలులో ఉంటే ఫోన్‌లో వెతుక్కునే బాధ లేదు.

## 8. చాంగిలో దిగాక మొదటి రెండు గంటలు

గడియారం రెండున్నర గంటలు ముందుకి జరపండి.

ఇమిగ్రేషన్‌లో ఆటోమేటిక్ గేట్లు ఉంటాయి. పాస్‌పోర్ట్ ఫొటో పేజీ స్కానర్ మీద పెట్టి, టోపీ, కళ్లజోడు తీసి కెమెరా వైపు చూడాలి. పెద్దవాళ్ల వేలిముద్రలు పడకపోయినా, చిన్నపిల్లలున్నా పక్కనే సిబ్బంది ఉంటారు, వాళ్లు ఎటు పంపితే అటు వెళ్లండి. సంచిలో అనుమానంగా ఏదైనా ఉందనిపిస్తే కస్టమ్స్ వాళ్ల రెడ్ ఛానల్‌కి మీరే వెళ్లి చూపించండి. అడిగి తెలుసుకోవడానికి ఫైన్ లేదు, దాచినదానికి ఉంది.

తెల్లవారి దిగితే హోటల్ గది మధ్యాహ్నం రెండు మూడు గంటల దాకా ఇవ్వరు. సామాను మాత్రం పెట్టుకుంటారు. రాత్రంతా నిద్ర లేని పిల్లలతో హోటల్ లాబీలో కూర్చోవడం కంటే, చాంగిలోనే మొహాలు కడుక్కుని టిఫిన్ చేసి ఎయిర్‌పోర్ట్‌కి ఆనుకునే ఉన్న జువెల్ మాల్ చూసి వెళ్లండి. జువెల్‌లో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే ఇండోర్ జలపాతం చూడటానికి టికెట్ లేదు. అది నీళ్లు పోసే వేళలు ఉంటాయి, పొద్దున్నే వెళ్తే కాసేపు ఆగాల్సి రావచ్చు.

మెట్రో స్టేషన్ టెర్మినల్ 2, 3 మధ్య ఉంది. లిటిల్ ఇండియా వెళ్లడానికి ఎక్స్‌పో స్టేషన్‌లో దిగి నీలం రంగు డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే నేరుగా లిటిల్ ఇండియాలో దించుతుంది. మారేది ఒక్కసారే. నలుగురు, నాలుగు పెద్ద పెట్టెలు ఉంటే మాత్రం గ్రాబ్ యాప్‌లో క్యాబ్ చేసుకోవడమే నయం. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా మీటర్ టాక్సీకి 50 శాతం అదనం.

మెట్రోకి, బస్సుకి విడిగా టికెట్ కొనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంక్ కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు. ఇక్కడ జరిగే పొరపాట్లు ఇవి:

- ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. మనిషికో కార్డు.
- ఎక్కేటప్పుడు ఏది తాకిస్తే దిగేటప్పుడూ అదే. లోపలికి ప్లాస్టిక్ కార్డు, బయటికి ఫోన్ అంటే రెండు ప్రయాణాల లెక్క.
- బస్సు దిగేటప్పుడు తాకించడం మర్చిపోతే చివరి స్టాపు దాకా చార్జీ.
- విదేశీ కార్డుకి వాడిన రోజుకి 60 సెంట్లు రుసుము. కార్డులు తక్కువున్న కుటుంబానికి ఈజీ-లింక్ కార్డులు (డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డులు) కొనడం సుళువు.

ఎస్కలేటర్ మీద ఎడమవైపు నిలబడండి. కుడివైపు పరుగెత్తేవాళ్లది.

## 9. నాలుగు రోజులు ఎలా పంచాలి

రోజుకి ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు. అంతే. ప్యాకేజీవాళ్లు రోజుకి ఆరు చోట్లు చూపిస్తామంటారు, అందులో నాలుగు బస్సు కిటికీలోంచి.

మొదటి రోజు: మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం మెరీనా బే. గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన పెద్ద కట్టడాలు) దగ్గర లైట్ షో 7:45కి, 8:45కి ఉంటుంది, ఉచితం. 7:45ది చూసి, మెరీనా బే శాండ్స్ హోటల్, మాల్ లోంచి నడుచుకుంటూ నీటి ఒడ్డుకి వస్తే 9 గంటలకి స్పెక్ట్రా నీటి షో, అదీ ఉచితమే. రెండూ ఒక్క సాయంత్రంలో అయిపోతాయి.

రెండో రోజు: పొద్దున చైనాటౌన్, అక్కడే 1827 నాటి శ్రీ మారియమ్మన్ గుడి, నాలుగడుగుల్లో బౌద్ధ ఆలయం. ఎండెక్కాక గార్డెన్స్ బై ద బేలోనే ఉన్న క్లౌడ్ ఫారెస్ట్, ఫ్లవర్ డోమ్, రెండూ ఏసీ అద్దాల మేడలు కాబట్టి మధ్యాహ్నానికి అవే సరి. నిర్వహణ కోసం కొన్ని రోజులు మూస్తారు, టికెట్ కొనేముందు సైటు చూడండి.

మూడో రోజు: సెంటోసా దీవి, అక్కడి యూనివర్సల్ స్టూడియోస్. పిల్లలు చిన్నవాళ్లయితే దాని బదులు మండాయ్‌లో జూ. రెండూ ఒక ట్రిప్‌లో పెట్టుకుంటే పిల్లల కంటే ముందు మీరు పడిపోతారు. యూనివర్సల్ టికెట్ ఎనభై డాలర్ల పైనే, గేట్లు తెరిచే వేళకి అక్కడుంటేనే గిట్టుబాటు. వివోసిటీ మాల్ నుంచి సెంటోసాకి నడకదారి ఉంది, రైలుకైతే 4 డాలర్లు. జూకి వెళ్లేవాళ్లు ఖాతిబ్ మెట్రోలో దిగి షటిల్ బస్సు ఎక్కాలి.

నాలుగో రోజు: పొద్దున బొటానిక్ గార్డెన్స్. ప్రవేశం ఉచితం, 2015 నుంచి యునెస్కో వారసత్వ స్థలం, ఉదయం ఏడు గంటలకి అక్కడ నడవడం నాకు మిగతా అన్నిటికంటే ఇష్టం. తర్వాత సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి (మధ్యాహ్నం మూస్తారు), షాపింగ్‌కి ముస్తఫా సెంటర్, సామాను తీసుకుని ఎయిర్‌పోర్ట్.

## 10. తిండి

హాకర్ సెంటర్లలో, అంటే చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే చోట్ల తినండి. ప్లేటు నాలుగు నుంచి ఎనిమిది డాలర్లు, శుభ్రం గురించి బెంగ అక్కర్లేదు. టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంటే ఆ సీటు ఎవరో ఆపుకున్నారని అర్థం, తీసి పక్కన పెట్టి కూర్చోకండి. మీరూ అలాగే ఆపుకోవచ్చు. తిన్నాక ట్రే తీసుకెళ్లి ర్యాకులో పెట్టాలి, వదిలేసి వస్తే జరిమానా దాకా వెళ్తుంది.

శాకాహారులు కాస్త చూసుకోవాలి. కూరగాయల నూడుల్స్ అన్నా ఆయిస్టర్ సాస్ పడుతుంది, సంబల్ అనే మిరపకాయల పచ్చడిలో ఎండురొయ్యల ముద్ద ఉంటుంది, కాయా టోస్ట్‌లోని తీపి జామ్‌లో గుడ్డు ఉంటుంది. వెజిటేరియన్ అని ఊరుకోకుండా మాంసం, చేప, గుడ్డు, ఆయిస్టర్ సాస్ వద్దని విడివిడిగా చెప్పండి. నో పోర్క్ నో లార్డ్ (పంది మాంసం, పంది కొవ్వు లేవు) బోర్డు ఉన్నచోట బీఫ్ ఉండొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

అన్నం సాంబారు లేనిదే పూట గడవనివాళ్లకి టెక్కా సెంటర్, సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ ఉన్నాయి. తమిళం అక్కడ అధికార భాషల్లో ఒకటి, కాబట్టి చిత్తూరు, నెల్లూరు వైపువాళ్లకి బేరం కూడా సాఫీగా సాగుతుంది. కాఫీకి కోపి అంటారు, మామూలుగా అడిగితే కండెన్స్‌డ్ మిల్క్‌తో బాగా తియ్యగా వస్తుంది. పాలూ చక్కెరా వద్దంటే కోపి-ఓ కోసొంగ్ అనండి.

పెద్ద రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ చార్జి, దాని మీద 9 శాతం జీఎస్టీ కలుస్తాయి. 40 డాలర్ల భోజనం 48 దాకా వెళ్తుంది.

## 11. జరిమానా పడే పనులు

మెట్రోలో నీళ్లు తాగడం కూడా తిండి తినడం కిందే లెక్క, 500 డాలర్ల దాకా జరిమానా. చెత్త పారేయడం, ఉమ్మడం, సిగ్నల్ లేకుండా రోడ్డు దాటడం, నిషేధం ఉన్నచోట సిగరెట్ తాగడం, పావురాలకి గింజలు వేయడం, అన్నీ ఇదే జాబితా. రాత్రి పదిన్నర నుంచి ఉదయం 7 దాకా బహిరంగ ప్రదేశంలో మద్యం తాగకూడదు, లిటిల్ ఇండియాలో వారాంతాల్లో ఇంకా గట్టి నియమాలు.

ఫోన్‌లో పెట్టుకోండి: పోలీసు 999, అంబులెన్స్ 995. మన హైకమిషన్ గ్రేంజ్ రోడ్డులో ఉంది, పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత అక్కడికి.

## 12. తిరుగు ప్రయాణం

ఒకే దుకాణంలో ఒకే రోజు 100 డాలర్లకి పైగా కొంటే జీఎస్టీలో చాలాభాగం వెనక్కి వస్తుంది. అదే రోజు బిల్లులు మూడు దాకా కలపొచ్చు. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించాలి, తర్వాత అడిగితే కుదరదు.

చాంగిలో వరస తప్పకూడదు. కొన్న వస్తువులు పెద్ద పెట్టెలో పెట్టేవాళ్లు చెక్-ఇన్ చేయక ముందే జీఎస్టీ రిఫండ్ యంత్రం దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే అధికారులు వస్తువు చూపించమనవచ్చు. చేతి బ్యాగ్‌లో తెచ్చేవాళ్లకి ఇమిగ్రేషన్ దాటాక లోపల కూడా యంత్రాలు ఉంటాయి. ఈ పనికి అరగంట అదనంగా పెట్టుకోండి.

మిగిలిన చిల్లరని ఇక్కడ ఎవరూ మార్చరు, చాంగిలోనే టీకో చాక్లెట్లకో ఖర్చు చేసేయండి. మందు సీసాలు మనిషికి రెండు లీటర్లు దాటకూడదు. బంగారం కొన్నా, పరిమితి దాటిన సామాను ఉన్నా శంషాబాద్‌లో రెడ్ ఛానల్‌కి వెళ్లి బిల్లు చూపించి పన్ను కట్టండి. లేనివాళ్లు గ్రీన్ ఛానల్ లోంచి నేరుగా బయటికి, క్యాబ్‌కి రూపాయలు పైజేబులోనే ఉంచుకోండి.